హెల్మెట్ కొనడం, పెట్టుకోవడం, మార్చడం: బెజవాడ–గుంటూరు మధ్య బండి నడిపేవాళ్లకు

బెజవాడ నుంచి గుంటూరుకు రోజూ బండి మీద తిరిగేవాళ్లలో చాలామంది దగ్గర హెల్మెట్ ఉంటుంది. ఒకరికి ట్యాంకు మీద, ఒకరికి మోచేతికి, ఒకరికి అద్దానికి తగిలించి ఉంటుంది. ఇంకొకరు తల మీదే పెట్టుకుంటారు గానీ బెల్టు గడ్డం కింద ఊగుతూ ఉంటుంది, పోలీసులు కనపడ్డాకే తగిలిస్తారు. పడ్డప్పుడు ఈ నలుగురికీ జరిగేది ఒకటే. తల నేలకు తగిలేసరికి హెల్మెట్ అక్కడ ఉండదు. కాబట్టి ఏ కంపెనీది కొనాలి, ఏ రంగుది కొనాలి అన్న ప్రశ్నలకంటే ముందు, అది తల మీద నిలిచేలా ఎలా చూసుకోవాలో తెలుసుకోండి.

ముందు హెల్మెట్‌ను తిరగేసి చూడండి

పైన గట్టి పెంకు ఉంటుంది. లోపల బుగ్గలకు, నెత్తికి తగిలే గుడ్డ దిండ్లు ఉంటాయి. ఆ దిండ్లను కాస్త పక్కకు లాగితే మధ్యలో వేలితో నొక్కినా లొంగని పొర ఒకటి కనిపిస్తుంది. టీవీ డబ్బాలో వచ్చే థర్మాకోల్ జాతిదే, కాకపోతే ఇంకా చిక్కగా పోత పోసినది. మందం సుమారు రెండున్నర, మూడు సెంటీమీటర్లు. ప్రాణం కాపాడేది ప్రధానంగా ఈ పొరే. దెబ్బ ఒక్కచోటే దిగకుండా పరచడం, రాయో ఇనుప చువ్వో గుచ్చుకోకుండా ఆపడం పెంకు పని. నలగడం థర్మాకోల్ పని.

లెక్క చూడండి. ఆగి ఉన్న బండి మీద నుంచి పక్కకు ఒరిగినా, మీటరున్నర ఎత్తు నుంచి తల నేలను తాకే వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. ఇది బండి వేగంతో సంబంధం లేనిది. ‘పక్క సందులోకే కదా, పాల ప్యాకెట్ కోసమే కదా’ అన్న ధీమా ఇక్కడే దెబ్బతింటుంది. ఆ వేగంతో వచ్చిన తల రెండు మిల్లీమీటర్లలో ఆగిపోతే పుర్రె పగులుతుంది, మెదడు లోపలి గోడకు కొట్టుకుంటుంది. అదే తలను థర్మాకోల్ నలుగుతూ రెండు సెంటీమీటర్ల దూరంలో ఆపితే, మీద పడే సగటు బలం పదో వంతుకు తగ్గిపోతుంది. పలు దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2008లో తేల్చింది కూడా ఇదే: హెల్మెట్ వల్ల ప్రమాదంలో చనిపోయే ముప్పు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయి.

కొట్లో ఏం చూడాలి

మన దేశంలో ద్విచక్ర వాహనాల హెల్మెట్‌కు ప్రమాణం ఐఎస్ 4151. 2021 జూన్ 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం చట్ట విరుద్ధం. అయినా హైవే పక్కన కుప్ప పోసి రెండు మూడు వందలకు అమ్మేవి కనిపిస్తూనే ఉన్నాయి. వాటి మీద కూడా ఐఎస్‌ఐ స్టిక్కర్ ఉంటుంది! స్టిక్కర్ వేయించడానికి ఖర్చేముంది? అందుకే గుర్తును చూసి ఊరుకోకండి, చదవండి. అసలైన గుర్తులో పైన ‘ఐఎస్ 4151’ అని, కింద సీఎం/ఎల్ అనే అక్షరాల పక్కన లైసెన్స్ నంబరు ఉంటుంది. ఫోన్‌లో బీఐఎస్ (ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వారి బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొట్టండి. ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఆ లైసెన్స్ ఇచ్చారో, ఇప్పుడు నడుస్తోందో లేదో చూపిస్తుంది. హెల్మెట్ మీద ఉన్న పేరు, యాప్‌లో వచ్చిన పేరు ఒకటి కాకపోతే అక్కడే పెట్టేసి రండి.

నకిలీని చేతితో కూడా పట్టుకోవచ్చు. లోపలి గుడ్డ ఎత్తి చూస్తే థర్మాకోల్ బదులు పల్చటి స్పాంజి ముక్కో, వేలు గుచ్చితే పొడిపొడిగా రాలే తెల్ల థర్మాకోలో ఉంటుంది. బెల్టును పెంకుకు బిగించిన రివిట్ ఊగుతుంది. రెండు చెంపల దగ్గర పట్టుకుని లోపలికి నొక్కితే పెంకు డబ్బాలా వంగుతుంది.

తయారీ తేదీ లోపలి స్టిక్కర్ మీద ఉంటుంది. రెండు మూడేళ్లుగా షాపులో పడి ఉన్నది తగ్గింపు ధరకు ఇస్తామంటే వద్దనండి. అసలైన ఐఎస్‌ఐ హెల్మెట్ సుమారు వెయ్యి రూపాయల దగ్గర మొదలవుతుంది. మూడు వేలు పెట్టి వదులుగా ఉన్నది కొనడం కన్నా పన్నెండు వందలు పెట్టి సరిగ్గా పట్టేది కొనడం మేలు.

ఇక ఆకారం. గడ్డం దాకా మూసే ఫుల్ ఫేస్‌నే కొనండి. ప్రమాదాల్లో హెల్మెట్ మీద దెబ్బ ఎక్కడ పడిందో చూసిన ఒక జర్మన్ పరిశీలనలో దాదాపు మూడో వంతు దెబ్బలు గడ్డం ప్రాంతంలోనే పడ్డాయి. ముఖం తెరిచి ఉండే హెల్మెట్ ఆ మూడో వంతును వదిలేసినట్టే: దవడ, పళ్లు, ముక్కు. గడ్డం భాగం పైకి లేచే రకం కొంటే, నడిపేటప్పుడు దాన్ని దించి లాక్ చేసి ఉంచండి. నడినెత్తి మీద మాత్రమే కూర్చునే సగం టోపీ, భవనాల పనిలో వాడే పసుపు టోపీ, క్రికెట్ హెల్మెట్ బండికి పనికిరావు. పసుపు టోపీ పైనుంచి పడే ఇటుక కోసం చేసింది. పక్క నుంచి వచ్చే దెబ్బను అది ఆపలేదు.

సైజు: ఇక్కడే పది నిమిషాలు ఎక్కువ ఖర్చు పెట్టండి

దర్జీ టేపు తీసుకుని కనుబొమలకు ఒక అంగుళం పైన, చెవులకు కాస్త ఎగువగా, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టి కొలవండి. 57 నుంచి 58 సెంటీమీటర్లు వస్తే సాధారణంగా మీడియం, అంటే స్టిక్కర్ మీద 580 మిల్లీమీటర్లు. 59 నుంచి 60 వస్తే లార్జ్, 600. కంపెనీని బట్టి కాస్త అటూఇటూ అవుతుంది కాబట్టి కొలత ఏ సైజుతో మొదలుపెట్టాలో మాత్రమే చెబుతుంది. ఖాయం చేసేది మీ తలే.

రెండు బెల్టులూ రెండు చేతులతో పక్కలకు లాగి పట్టుకుని తలకు ఎక్కించండి. ఎక్కేటప్పుడు చెవులు మడతపడేంత బిగుతు ఉండాలి. పెట్టుకున్నాక బుగ్గలు పైకి నెట్టుకొచ్చి, నమిలితే బుగ్గ లోపలి వైపు పళ్ల కింద పడేలా ఉంటే సరైనదే. బుగ్గ దిండ్లు కొన్ని వారాల వాడకంలో అణిగి కొంచెం వదులవుతాయి. కొత్తలోనే హాయిగా ఉన్నది ఆరు నెలలకు గిన్నెలా ఊగుతుంది. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. షాపులో ‘బిగుతుగా ఉంది, ఒక సైజు పెద్దది ఇవ్వండి’ అని అడిగి తీసుకెళ్తారు.

తర్వాత మూడు పరీక్షలు చేయండి. హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని కుడికి ఎడమకు తిప్పండి. నుదుటి చర్మం, బుగ్గలు దానితో పాటు కదలాలి. చర్మం కదలకుండా హెల్మెట్ ఒక్కటే తిరిగితే పెద్దది. రెండోది, బెల్టు బిగించాక వెనక మెడ దగ్గర అంచు కింద వేళ్లు పెట్టి ముందుకు దొర్లించండి. ఊడి వచ్చిందా, ఆ హెల్మెట్ మీది కాదు. మూడోది, పావుగంట తీయకుండా ఉంచుకోండి. తీశాక అద్దంలో నుదురు చూసుకుంటే ఒక్కచోట మాత్రం ఎర్రగా గుర్తు పడి, అక్కడే నొప్పి ఉంటే తల ఆకారానికి అది సరిపోలేదు. మరో మోడల్ చూడండి. కళ్లజోడు ఉన్నవాళ్లు జోడు పెట్టుకునే చూడాలి.

బెల్టు

బెల్టు పెట్టని హెల్మెట్ తల కంటే ముందు ఎగిరిపోతుంది. డివైడర్‌కు తగిలి మనిషి గాల్లోకి లేచినప్పుడు మొదటి కుదుపుకే ఊడిపోతుంది. తర్వాత తల ఒట్టిదే.

బెల్టు గడ్డం మొన మీద కాదు, గడ్డం కింద గొంతుకు ఆనుకుని ఉండాలి. బెల్టుకూ చర్మానికీ మధ్య ఒక వేలు దూరాలి, రెండు దూరకూడదు. నోరు బాగా తెరిస్తే హెల్మెట్ నెత్తి మీద కిందకు లాగినట్టు అనిపించాలి. మన బళ్ల మీద ఎక్కువగా కనిపించేది పళ్ల పట్టీ లాక్. ఒక క్లిక్ వినగానే ఆపకండి, వదులు పోయేదాకా మూడు నాలుగు పళ్లు లోపలికి తోయండి. నొక్కితే టక్కున ఊడే రకం క్లిప్పు వాడకంలో మెల్లగా జారి బెల్టు పొడవు పెరుగుతుంది, నెలకోసారి సరిచేసుకోవాలి. రెండు రింగుల రకం పెట్టుకోవడానికి ఇంకో ఐదు సెకన్లు పడుతుంది గానీ ప్రతిసారీ సరిగ్గా బిగుస్తుంది. రోజూ హైవే మీద వెళ్లేవాళ్లకు అదే మంచిది. క్లిప్పు విరిగితే తాడుతోనో పిన్నీసుతోనో ముడేయకండి, కొత్త బెల్టు వేయించండి, లేదా హెల్మెట్ మార్చండి.

చెవికీ హెల్మెట్‌కూ మధ్య ఫోన్ దోపి మాట్లాడటం బెజవాడలో ఏ సిగ్నల్ దగ్గర చూసినా కనిపిస్తుంది. ధ్యాస పోవడం సంగతి ఒకటి. ఫోన్ పట్టేంత ఖాళీ ఉందంటే హెల్మెట్ వదులనేది రెండోది. ఇక ఆ పక్కకు పడితే చెంపకు గట్టి పలక పెట్టి కొట్టినట్టే.

వెనక కూర్చునేవాళ్లకు

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, నడిపినా వెనక కూర్చున్నా, హెల్మెట్ తప్పనిసరి. పెట్టుకోకపోతే 194డి సెక్షన్ కింద 1000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్స్‌కు అనర్హత. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు సరిపడే హెల్మెట్, నడిపేవాళ్లకు కట్టే సేఫ్టీ హార్నెస్, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగం అన్న నిబంధన 2023 నుంచి అమల్లో ఉంది. పెద్దవాళ్ల హెల్మెట్ పిల్లలకు పెట్టడం ప్రమాదం. తల కంటే పెద్దదై కళ్లకు అడ్డం పడుతుంది, బరువు మెడ మీద పడుతుంది. పిల్లల సైజులు 500, 520 మిల్లీమీటర్ల నుంచి దొరుకుతాయి. మెడ ఇంకా నిలబడని పసివాళ్లను బండి ఎక్కించనే కూడదు, ఆటో మాట్లాడుకోండి.

ఆడవాళ్ల హెల్మెట్ విషయంలో అసలు చిక్కు కొప్పు, క్లిప్పులు. కొప్పు మీద హెల్మెట్ పెడితే వెనక భాగం పైకి లేచి, నుదుటి వైపు ముందుకు వాలుతుంది. జడను మెడ దగ్గర కిందకు వదులుగా అల్లుకోండి. పూలు పెట్టుకున్నా మెడ దగ్గరే పెట్టుకోండి. తల మీద ఇనుప క్లిప్పు, పెద్ద ప్లాస్టిక్ క్లచ్చు తీసి పర్సులో వేసుకోండి, దెబ్బ తగిలితే అవే చర్మంలోకి దిగుతాయి. చున్నీ, కొంగు నడుముకు చుట్టి దోపండి. శారీ గార్డు విప్పి పడేసిన బళ్లు చాలా ఉన్నాయి. వెనక చక్రానికి ఆ కప్పు ఉండాలని నియమమే ఉంది, చక్రంలోకి బట్ట పోతే మనిషిని వెనక్కి లాగేస్తుంది. వీలైతే రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవడమే మంచిది.

ఎండలో ఎలా

రోహిణి కార్తెలో, వారధి మీద జామ్‌లో ఇరుక్కున్నప్పుడు హెల్మెట్ తీయాలనిపించడం సహజం. తీయకుండా ఉండే దారులు ఉన్నాయి. ముందూ వెనకా గాలి రంధ్రాలున్న లేత రంగు హెల్మెట్ తీసుకోండి. కింద పల్చటి కాటన్ టోపీ వేసుకోండి, నలభై యాభై రూపాయలకు దొరుకుతుంది. జేబురుమాలులా రోజూ ఉతుక్కోవచ్చు. తువ్వాలు మాత్రం మడిచి తలకు చుట్టి దాని మీద హెల్మెట్ పెట్టకండి, సైజు కోసం పడ్డ శ్రమంతా వృథా అవుతుంది. సిగ్నల్ దగ్గర హెల్మెట్ ముందుండే గాజు (వైజర్) ఎత్తుకోండి, బెల్టు విప్పకండి. బయల్దేరే ముందు నీళ్లు తాగండి.

దిండ్లు ఊడదీసే రకం కొంటే వారానికోసారి షాంపూ నీళ్లలో పిసికి నీడలో ఆరేయండి. కొబ్బరినూనె, చెమట కలిసి జిడ్డుగా మారిన గుడ్డే దురదకూ వాసనకూ కారణం.

తల తర్వాత ఏది

డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు వరుస ఇది: నడిపేవాళ్ల హెల్మెట్, వెనక కూర్చునేవాళ్ల హెల్మెట్, గ్లౌజులు, చీలమండ మూసే బూట్లు, మోకాలి గార్డులు, ఆ తర్వాత జాకెట్. ఖరీదైన జాకెట్ వేసుకుని వెనక మనిషిని ఒట్టి తలతో ఎక్కించుకోవడం ఏ లెక్కనా సరికాదు.

పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే చాపుతారు. అది మన చేతుల్లో లేని పని. అరచేతి చర్మం తారుకు గీరుకుపోతుంది, బొటనవేలి మొదట్లో మణికట్టులో ఉండే చిన్న ఎముక విరుగుతుంది. అందుకే వేళ్లన్నీ మూసే గ్లౌజులు కావాలి. అరచేతి కింద భాగంలో గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉండేవి తీసుకోండి, ఆ బిళ్ల నేల మీద జారుతుంది, చెయ్యి అక్కడే పాతుకుపోయి మెలి తిరగదు. మణికట్టు పట్టీ బిగించాక లాగితే ఊడకూడదు.

చెప్పులతో నడపకండి. పడినప్పుడు మొదట ఊడేవి అవే. బండి కింద ఇరుక్కునేది పాదం, ఫుట్‌రెస్ట్‌కు తగిలి విరిగేది చీలమండ. ప్రత్యేకమైన రైడింగ్ బూట్లు కొనలేకపోతే, పనివాళ్లు వాడే చీలమండ పైదాకా ఉండే తోలు సేఫ్టీ బూట్లు చాలా మేలు. లేసు కొసలు లోపలికి దోపండి, ఎడమ కాలి లేసు ముడి గేరు రాడ్‌కు తగులుకుంటే సిగ్నల్ దగ్గర కాలు దించలేక పడతారు.

మామూలు జీన్స్ హైవే వేగంలో తారు మీద జారితే క్షణాల్లో చిరిగిపోతుంది. రోజూ హైవే ఎక్కేవాళ్లు జాళీ రైడింగ్ జాకెట్ తీసుకోండి. కదులుతున్నంతసేపు గాలి ఆడుతుంది. భుజాలు, మోచేతులు, వీపులో ఉండే ప్యాడ్లు తీసి లోపలి ముద్ర చూడండి. భుజం, మోచేతి, మోకాలి ప్యాడ్లకు ఈఎన్ 1621-1, వీపు ప్యాడ్‌కు ఈఎన్ 1621-2 అనే యూరప్ ప్రమాణం ముద్ర ఉండాలి. లెవెల్ 2 అంటే దెబ్బను ఎక్కువగా మింగుతుంది. చాలా జాకెట్లలో వీపు దగ్గర ఊరికే స్పాంజి పెట్టి ఇస్తారు, దాన్ని తీసేసి అసలు ప్యాడ్ వేయించుకోండి. వేసుకున్నాక మోచెయ్యి మడిస్తే ప్యాడ్ మోచేతి మీదే ఉండాలి, పక్కకు జారితే లేనట్టే. రాత్రి ప్రయాణాలుంటే వీపు మీద, హెల్మెట్ వెనక మెరిసే టేపు అంటించండి.

రోజువారీ సంరక్షణ

అద్దానికి హెల్మెట్ తగిలించకండి. అద్దం కడ్డీ లోపలి థర్మాకోల్‌లో గుంట చేస్తుంది, ఆ గుంట దగ్గర ఇక నలగడానికి ఏమీ మిగలదు. పెట్రోలు, థిన్నర్, అసిటోన్‌తో తుడవకండి, ప్లాస్టిక్ పెంకు పైకి బాగానే కనిపిస్తూ పెళుసెక్కుతుంది. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

గాజు మీద గీతలు పగలు తెలియవు. రాత్రి ఎన్‌హెచ్ 16 మీద ఎదురు లారీ లైటు పడగానే ఆ గీతలన్నీ వెలిగి ముందున్న మనిషి కనిపించడు. రెండు మూడు వందలకు కొత్త గాజు వస్తుంది, ఏడాదికోసారి మార్చండి. నల్ల గాజు పగటికే, చీకటి పడ్డాక వద్దు. వానలో గాజుకు లోపల ఆవిరి పట్టితే గడ్డం దగ్గరి రంధ్రం తెరిచి, గాజు ఒక్క మెట్టు ఎత్తుకోండి.

పడితే

కింద పడ్డ మనిషి హెల్మెట్ వెంటనే లాగేయకండి. శ్వాస ఆడుతుంటే గాజు ఎత్తి, బెల్టు వదులు చేసి, తల కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా పనిచేస్తుంది. నీళ్లు తాగించకండి, కాళ్లూ చేతులూ పట్టి ఆటోలోకి ఎత్తకండి. ఊపిరి ఆడకపోతేనో, వాంతి గొంతుకు అడ్డం పడుతుంటేనో మాత్రం హెల్మెట్ తీయాలి, అదీ ఇద్దరు కలిసి. ఒకరు తల వైపు మోకాళ్ల మీద కూర్చుని హెల్మెట్‌ను రెండు పక్కలా కదలకుండా పట్టుకోవాలి. రెండోవాళ్లు కళ్లజోడు తీసి, బెల్టు విప్పి, ఒక చెయ్యి దవడ మీద, మరో చెయ్యి మెడ వెనక పుర్రె కింద పెట్టి ఆపాలి. అప్పుడు మొదటివాళ్లు హెల్మెట్ అంచులు రెండు వైపులకూ విప్పార్చి, ముక్కుకు తగలకుండా మెల్లగా బయటకు లాగాలి. మెడ వంగకూడదు.

సాయం చేసినవాళ్లకు మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు నిర్ణీత ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల వరకు నగదు రహిత చికిత్స పథకం ఉంది, ఆసుపత్రిలో అడగండి. లేచి నడిచి ఇంటికి వెళ్లినవాళ్లను కూడా 24 గంటలు గమనించాలి. వాంతులు, తలనొప్పి పెరగడం, మత్తుగా నిద్రపోవడం, మాట తడబడటం, చెవిలోనో ముక్కులోనో రక్తమో నీరో కారడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెదడు చుట్టూ రక్తం మెల్లగా చేరే గాయాల్లో మొదటి గంటల్లో మనిషి మామూలుగానే మాట్లాడతాడు.

తల మీద ఉండగా నేలకు తగిలిన హెల్మెట్ పని అయిపోయినట్టే. పైన గీత మాత్రమే ఉన్నా లోపల థర్మాకోల్ నలిగి ఉండొచ్చు, అది పైకి కనపడదు. పడకపోయినా ఐదేళ్లకు మార్చండి, చెమటకూ ఎండకూ జిగురు, దిండ్లు పాడవుతాయి. పాతది పని మనిషికో, ఊళ్లో బంధువులకో ఇవ్వకండి. కత్తెర తీసుకుని రెండు బెల్టులూ మొదట్లో కత్తిరించి, అప్పుడు చెత్తలో వేయండి.